ఎక్కిన గేరులోనే దిగాలి: టైడా ఘాట్‌లో ఒక ఇటాలియన్ కారు పాఠం

ఇటాలియన్ కారు అనగానే మన హాస్టల్లో ఎవరిని అడిగినా ఫెరారీ, లాంబోర్గినీ అంటారు. ల్యాప్‌టాప్ వాల్‌పేపర్లలో కూడా అవే. కానీ మన ఉత్తరాంధ్ర రోడ్ల మీద ఏళ్ల తరబడి నిజంగా తిరిగిన ఇటాలియన్ కారు వేరే ఉంది. దాని పేరు ఫియట్ 1100. తర్వాత రోజుల్లో ప్రీమియర్ పద్మిని. మనకి అది పాత సినిమాల్లో కనిపించే కారు. మా తాతయ్య తరానికి మాత్రం అదే లగ్జరీ.

మా తాతయ్య శృంగవరపుకోటలో ఫియట్ ట్యాక్సీ నడిపేవారు. అరకు బేరం దొరికిందంటే ఆయనకి పండగే. కోట దాటాక కొండలు మొదలవుతాయి కదా, ఆ ఘాట్‌లో వచ్చే ఊరే టైడా. ఇప్పుడు అక్కడ టూరిజం వాళ్ల కాటేజీలు ఉన్నాయి, కొత్తవలస-కిరండోల్ లైన్ మీద రైల్వే స్టేషన్ ఉంది. తాతయ్యకి మాత్రం టైడా అంటే ఇంజన్‌కి విశ్రాంతి ఇచ్చే చోటు. కారు పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, ఇంజన్ చల్లారేదాకా టీ తాగి, రేడియేటర్‌లో నీళ్లు చూసుకుని మళ్లీ బయల్దేరేవారట.

ఆయన దగ్గర ఒక రూల్ ఉండేది. "ఒరే నాన్నా, ఏ గేర్లో ఎక్కేవో ఆ గేర్లోనే దిగాల. బ్రేకు బండి ఆపడానికి, కొండ దిగడానికి కాదు." చిన్నప్పుడు విని వదిలేశా. సామెత లాంటిది అనుకున్నా. మొన్న క్లబ్ ట్రిప్‌లో అరకు నుంచి తిరిగొస్తూ టైడాలో టీకి ఆగాం. పక్కన ఆగిన ఒక కొత్త కారు చక్రాల దగ్గర్నుంచి కాలిన వాసన ఘాటుగా వస్తోంది. బ్రేకుల వాసన. అప్పుడు తాతయ్య మాట గుర్తొచ్చింది. హాస్టల్‌కి వచ్చాక కాగితం, పెన్ను పట్టుకుని లెక్క వేశా.

ఆ లెక్క మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం. ఇందులో ప్రశ్నలు రెండే. ఇటలీలో మామూలు కుటుంబాల కోసం చేసిన కారు మన దగ్గర లగ్జరీ ఎలా అయింది? ఆ కారు తన చిన్న ఇంజన్‌తో మన కొండలు ఎలా ఎక్కి దిగింది?

పదకొండు వందలు

ఫియట్ కంపెనీ 1899లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో పుట్టింది. ట్యూరిన్ ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర ఉంటుంది. ఊరు దాటి కొంచెం దూరం వెళ్తే కొండ దారులే. మన శృంగవరపుకోట ఎలాగో అలాగ అన్నమాట. అక్కడి ఇంజనీర్లకి కొండ ఎక్కని కారు చేయడం కుదరని పని.

1100 కథ 1937లో మొదలైంది. ఆ ఏడాది వచ్చిన 508 సి అనే మోడల్‌లో 1089 సీసీ ఇంజన్ పెట్టారు. నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ వ్యాసం 68 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 75 మిల్లీమీటర్లు. కావాలంటే మీరే లెక్క వేసి చూడండి, నాలుగింటికీ కలిపి 1089 వస్తుంది. దాన్నే గుండుగుత్తగా 1100 అన్నారు. ఇటలీలో జనం ఆ కారుని మిల్లెచెంతో అని పిలిచేవాళ్లు. అంటే వాళ్ల భాషలో పదకొండు వందలు.

ఈ కారు వెనక ఉన్న ఇంజనీర్ పేరు దాంతే జకోసా. 1936 నాటి బుల్లి ఫియట్ 500 ఆయనదే, 1957లో వచ్చిన కొత్త 500 కూడా ఆయనదే. ఆయన చేసిన కార్లన్నిటిలో ఒక ఆలోచన కనిపిస్తుంది. తక్కువ లోహం, తక్కువ ఇంధనం, తక్కువ ఖర్చు, అయినా మనుషులకి సరిపడా చోటు. మన భాషలో చెప్పాలంటే తక్కువ మెమరీలో పెద్ద ప్రోగ్రాం నడిపించే కోడర్.

1953లో జెనీవా మోటార్ షోలో 1100ని పూర్తిగా కొత్త రూపంలో చూపించారు. ఇంజన్ మూలం పాతదే, బాడీ మాత్రం కొత్తది. అంతకుముందు కార్లలో కింద లారీకి ఉన్నట్టు ఒక ఉక్కు ఛాసిస్, దాని మీద బాడీ విడిగా ఉండేవి. 1953 మోడల్‌లో ఆ రెండూ ఒకటే అయ్యాయి. అగ్గిపెట్టె తీసుకోండి. దాని అట్ట చాలా పల్చన. కానీ పెట్టెగా మడిచి అతికించాక చేత్తో మెలితిప్పితే అంత సులువుగా తిరగదు. ఆ బలం అట్టది కాదు, ఆకారానిది. రేకు బాడీయే బరువు మోస్తే ఛాసిస్ బరువు మిగిలిపోతుంది. అందుకే ఈ కారు బరువు దాదాపు 900 కిలోల దగ్గర ఆగింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఘాట్ ఎక్కేటప్పుడు పనికొస్తుంది.

అదే ఊరు, అదే ఏడాది, అదే 1089 సీసీ

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. ట్యూరిన్‌లోనే లాంచియా అని ఇంకో కంపెనీ ఉండేది. అది ఖరీదైన కార్లకి పేరుపడ్డ ఇల్లు. బాడీయే బరువు మోసే పద్ధతిని 1922లోనే లాంబ్డా అనే కారులో తెచ్చింది లాంచియానే. 1950లో వచ్చిన దాని ఆరేలియాలో, ఫ్యాక్టరీలో వరసగా తయారైన కార్లలో ప్రపంచంలోనే మొదటిసారిగా వి6 ఇంజన్ పెట్టారు.

ఆ లాంచియా కూడా 1953లోనే అప్పియా అనే చిన్న కారు తెచ్చింది. దాని ఇంజన్ కొలతలు చూస్తే నవ్వొస్తుంది. సిలిండర్ వ్యాసం 68, పిస్టన్ దూరం 75. అంటే మళ్లీ అదే 1089 సీసీ!

కొలతలు ఒకటే అయినా చేసిన తీరు వేరు. ఫియట్ నాలుగు సిలిండర్లనీ వరసగా నిలబెట్టింది. అచ్చు పోయడం సులువు, విప్పడం సులువు, ఖర్చు తక్కువ. లాంచియా వాటిని సుమారు పది డిగ్రీల ఇరుకు కోణంలో వి ఆకారంలో సర్దింది. ఇంజన్ పొట్టిగా, ముద్దుగా వచ్చింది. అప్పియా తలుపులు తెరిస్తే ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య స్తంభం ఉండదు, దర్జాగా ఎక్కి కూర్చోవచ్చు. పని నాణ్యత ఎక్కువ, ధర కూడా ఎక్కువే.

ఇటలీలో ఎవరినైనా ఈ రెండిట్లో లగ్జరీ ఏది అని అడిగితే తడుముకోకుండా లాంచియా అనేవాళ్లు. ఫియట్ అంటే గుమస్తా, టీచర్, చిన్న వ్యాపారి కొనుక్కునే కారు. ఆ గుమస్తా కారే సముద్రం దాటి మన దేశానికొచ్చి దొరబాబు అయిపోయింది. ఎలాగో చూద్దాం.

వైజాగ్ షిప్‌యార్డ్ మనిషే

వైజాగ్‌లో సింధియా జంక్షన్ మీద నుంచి చాలామంది వెళ్లే ఉంటారు. ఆ పేరు సింధియా స్టీమ్ నావిగేషన్ అనే ఓడల కంపెనీది. దాన్ని నడిపిన పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్. 1941లో విశాఖపట్నంలో ఆ కంపెనీ షిప్‌యార్డుకి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో అక్కడ కట్టిన జల ఉష అనే ఓడని నెహ్రూ నీళ్లలోకి దింపారు. అదే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డు.

అదే వాల్‌చంద్ 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ మొదలుపెట్టారు. అంటే మన విశాఖలో ఓడకీ, మన ఘాట్ ఎక్కిన ఫియట్‌కీ మూలపురుషుడు ఒక్కరే. ఇది తెలిసిన రోజు నాకు సింధియా జంక్షన్ బోర్డు కొత్తగా కనిపించింది.

ప్రీమియర్ మొదట్లో అమెరికా క్రైస్లర్ కంపెనీ డిజైన్లతో బళ్లు బిగించింది. అవి పెద్దవి, పెట్రోలు బాగా తాగుతాయి. తర్వాత ఫియట్‌తో ఒప్పందం కుదిరి, 1950లలో 1100 కార్లు కుర్లా ఫ్యాక్టరీ నుంచి రావడం మొదలైంది. అప్పటి ప్రభుత్వ విధానం స్పష్టంగా ఉండేది. విదేశాల నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బోల్టులు బిగించి అమ్మితే కుదరదు, భాగాలు ఇక్కడే తయారు చేయాలి. ఆ షరతుకి ఒప్పుకోని విదేశీ కంపెనీలు దేశం వదిలి వెళ్లిపోయాయి. ప్రీమియర్ ఉండిపోయింది. ఏటేటా ఒక్కో భాగం ఇక్కడే చేయడం నేర్చుకుంది.

1964 నుంచి వచ్చిన మోడల్ పేరు ఫియట్ 1100 డిలైట్. ఇటలీలో ఆ 1100 డి కి 1221 సీసీ ఇంజన్ ఇచ్చారు. మనకి మాత్రం పాత 1089 సీసీయే. 1974 నుంచి దాని పేరు ప్రీమియర్ పద్మిని అయింది. పేరు మారినా మన జనం నోట్లో అది ఫియట్టే. తాతయ్య చివరిదాకా పద్మిని అనలేదు.

క్యూలో నిలబడితే అదే లగ్జరీ

లైసెన్స్ రాజ్ గురించి మనం ఇంటర్మీడియట్‌లో నాలుగు మార్కుల కోసం చదివాం. కారు విషయంలో దాని అర్థం ఇదీ. ఏ కంపెనీ ఏడాదికి ఎన్ని కార్లు చేయాలో ప్రభుత్వం చెప్పాలి. దేశం మొత్తం మీద కొనడానికి ఉన్నవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బు చేతిలో ఉన్నా సరే, బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి.

లాల్ బహదూర్ శాస్త్రి గారి కథ చాలామంది వినే ఉంటారు. ప్రధానమంత్రి అయ్యాక కుటుంబం కోసం ఒక ఫియట్ కొన్నారు. ధర 12,000 రూపాయలు. అంత డబ్బు లేక పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు తీసుకున్నారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన చనిపోయాక ఆ అప్పుని భార్య లలితా శాస్త్రి గారు తన పెన్షన్‌లోంచి కట్టారు. ఆ కారు ఇప్పటికీ ఢిల్లీలో ఆయన స్మారక మ్యూజియంలో ఉంది. ఈ కథని అందరూ నిజాయితీకి ఉదాహరణగా చెప్తారు. నిజమే. దాంతోపాటు ఇంకో సంగతి కూడా గమనించండి. ట్యూరిన్ గుమస్తా కారు కొనడానికి భారత ప్రధానికి అప్పు కావాల్సి వచ్చింది.

అంటే లగ్జరీ అనేది కారులో లేదు, క్యూలో ఉంది. తోలు సీట్లు, వి6 ఇంజన్ వల్ల లగ్జరీ అయిన కారు లాంచియా. దొరక్కపోవడం వల్ల లగ్జరీ అయిన కారు ఫియట్. ఇంకో మెట్టు కిందికి దిగి చూస్తే, టైడా చుట్టుపక్కల గూడేల నుంచి వారపు సంతకి కావడి భుజాన పెట్టుకుని నడిచి వెళ్లే మనిషికి ఆ రోడ్డు మీద వెళ్లే ఏ బండైనా లగ్జరీయే. తాతయ్య ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అలాంటి వాళ్లని ఎక్కించుకునేవారని అమ్మమ్మ చెప్తుంది. ముందు సీటు బెంచీలా ఒకటే ఉండేది, గేర్ రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది, కాబట్టి ముందు ముగ్గురు పట్టేవారు. డిజైన్‌లో ఒక చిన్న నిర్ణయం వల్ల ఇంకొకరికి చోటు దొరికిందన్నమాట.

ఎక్కడం: సమస్య బలం కాదు, వేడి

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పద్మిని ఇంజన్ సుమారు 40 హార్స్‌పవర్ ఇస్తుంది. ఇవాళ్టి చిన్న కార్లు కూడా ఇంతకంటే ఎక్కువే ఇస్తాయి. మరి ఘాట్‌కి ఇది చాలుతుందా?

కారు 900 కిలోలు, మనుషులూ సామానూ 350 కిలోలు. మొత్తం 1250. రోడ్డు 15 మీటర్లు ముందుకి వెళ్తే 1 మీటరు పైకి లేస్తుందని అనుకుందాం. ఇది మన లెక్క కోసం పెట్టుకున్న వాలు, అసలు రోడ్డు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. కారుని వెనక్కి లాగే బలం 1250 × 9.8 ÷ 15, అంటే సుమారు 820 న్యూటన్లు. టైర్ల రాపిడికి ఇంకో 180 కలిపితే 1000 న్యూటన్లు. గంటకి 30 కిలోమీటర్లు అంటే సెకనుకి 8.3 మీటర్లు. గుణిస్తే 8.3 కిలోవాట్లు. హార్స్‌పవర్‌లో చెప్తే 11.

మొదటిసారి ఈ జవాబు వచ్చినప్పుడు తప్పు చేశానేమో అని మళ్లీ వేశా. తప్పు లేదు. ఇంజన్‌కి 40 ఉంది, కావాల్సింది 11. బలం పుష్కలంగా ఉంది. మరి తాతయ్య టైడాలో ఎందుకు ఆగేవారు?

వేడి. పెట్రోలులో ఉన్న శక్తిలో నాలుగో వంతే చక్రాలకి చేరుతుందని అనుకుందాం. 8.3 కిలోవాట్ల పని కోసం ఇంజన్ 33 కిలోవాట్ల పెట్రోలు కాల్చాలి. మిగిలింది వేడే. కొంత సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. సుమారు మూడో వంతు, అంటే పది కిలోవాట్లు రేడియేటర్ నీళ్లలోకి వస్తుంది. ఇంట్లో బాత్‌రూమ్ గీజర్ 2 కిలోవాట్లు ఉంటుంది కదా, అలాంటివి ఐదు గీజర్లు బానెట్ కింద ఆపకుండా నడుస్తున్నట్టు.

మైదానంలో గంటకి 60తో వెళ్తుంటే ఎదురుగాలి రేడియేటర్ని చల్లారుస్తుంది. ఘాట్‌లో వేగం సగం, గాలీ తక్కువే. అప్పుడు ఆధారం ఫ్యాన్. ఈ కారులో ఫ్యాన్, నీళ్లు తిప్పే పంపు రెండూ బెల్టుతో ఇంజన్‌కి కట్టేసి ఉంటాయి. ఇంజన్ వేగంగా తిరిగితే అవీ వేగంగా తిరుగుతాయి, నెమ్మదిస్తే అవీ నెమ్మదిస్తాయి.

ఇక్కడే గేరు మాట వస్తుంది. కొత్త డ్రైవర్ పెట్రోలు మిగులుతుందని పెద్ద గేరులోనే లాగిస్తాడు. ఇంజన్ మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంది. ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. వేడి పెరుగుతుంది. అనుభవం ఉన్నవాడు ముందే రెండో గేరులోకి వస్తాడు. ఇంజన్ గొంతు పెరుగుతుంది, ఫ్యాన్ గాలి, నీళ్ల ప్రవాహం పెరుగుతాయి. అరుపు వింటే కష్టపడుతున్నట్టుంటుంది గానీ, నిజానికి ఇంజన్‌కి అదే హాయి.

ఎత్తు వల్ల కూడా రెండు ఇబ్బందులున్నాయి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం పదో వంతు తక్కువ. ఇంజన్ పీల్చే గాలి తగ్గితే బలం కూడా దాదాపు ఆ మేరకి తగ్గుతుంది. పాత కార్బ్యురేటర్‌కి ఈ సంగతి తెలీదు, పెట్రోలు దాదాపు ఎప్పట్లాగే వదులుతుంది. ఇప్పటి కార్లలో సెన్సర్ చూసి సర్దుబాటు చేస్తుంది. ఇంకోటి, అంత ఎత్తులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత గట్టిగా బిగించి లోపల ఒత్తిడి నిలపడం అందుకే. అందుకే వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీయకూడదు. ఒత్తిడి పోగానే నీళ్లు ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. తాతయ్య టీ తాగేది అందుకే. టీ ఆయనకి టైమర్.

దిగడం: 33 లీటర్ల నీళ్లు

ఎక్కడం కంటే దిగడం సులువు అని మనం అనుకుంటాం. లెక్క వేరే చెప్తుంది.

1250 కిలోల బండి 800 మీటర్లు కిందికి దిగితే వదిలే శక్తి 1250 × 9.8 × 800. అంటే 98 లక్షల జౌళ్లు. ఈ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. మనం స్పీడ్ పెరగనివ్వం కాబట్టి అదంతా వేడి కావాల్సిందే. ఆ వేడితో 30 డిగ్రీల నీళ్లు 33 లీటర్లు మరిగించొచ్చు. పెద్ద గుండిగెడు నీళ్లు!

పద్మినికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. డ్రమ్ము అంటే ఇనప గిన్నె. దాని లోపల రెండు షూలు ఉంటాయి, పెడల్ తొక్కితే అవి విచ్చుకుని గిన్నె గోడని ఒరుసుకుంటాయి. వేడి లోపలే పుడుతుంది, బయటికి పోవడం ఆలస్యం. నాలుగు గిన్నెల ఇనుము మొత్తం 20 కిలోలు అనుకోండి. పుట్టిన వేడి అంతా అందులోనే ఉండిపోతే ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలు దాటుతుంది. నిజంగా అంత కాదు, టైర్ల రాపిడి కొంత తీసుకుంటుంది, గాలి చాలా తీసుకుపోతుంది. కానీ ఎటువైపు వెళ్తున్నామో అర్థమైంది కదా.

వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచిస్తుంది. గోడ షూలకి దూరం జరుగుతుంది. పెడల్ ఇంకా లోపలికి తొక్కాలి. షూ మీది పదార్థం వేడికి పట్టు కోల్పోతుంది. బ్రేక్ ఆయిల్ పాతదైతే అందులో చేరిన తేమ మరిగి ఆవిరి అవుతుంది. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అది ఊరికే అణుగుతుంది. కాలు కింద పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఘాట్ మలుపులో ఇంతకంటే భయంకరమైన క్షణం ఉండదు.

దీనికి విరుగుడు రెండో గేరు. యాక్సిలరేటర్ వదిలేసి గేరులో ఉంచితే, ఇప్పుడు ఇంజన్ చక్రాలని తిప్పడం లేదు, చక్రాలు ఇంజన్‌ని తిప్పుతున్నాయి. గాలి దారి మూసుకుని ఉంటుంది కాబట్టి పిస్టన్లు శూన్యాన్ని లాగుతూ కష్టపడాలి. ఇంజన్‌లో రాపిడి కూడా తోడవుతుంది. ఆ కష్టమే బండిని పట్టి ఉంచుతుంది. పుట్టిన వేడి ఎక్కడికి పోతుంది? కొంత సైలెన్సర్‌కి, కొంత రేడియేటర్‌కి. వేడి వదిలించుకోవడానికే పుట్టిన భాగానికి! చిన్న గేరు వల్ల ఇంజన్ వేగంగా తిరిగి, పట్టు కూడా పెరుగుతుంది. బ్రేకులు చల్లగా, మలుపు కోసం సిద్ధంగా ఉంటాయి.

వాలు ఎంత బలంతో ఎక్కేటప్పుడు వెనక్కి లాగిందో, దిగేటప్పుడు అంతే బలంతో ముందుకి తోస్తుంది. అందుకే ఎక్కిన గేరు దిగడానికి మంచి కొలత. తాతయ్య వాక్యంలో ఎక్కడానికి ఒక కారణం, దిగడానికి ఒక కారణం దాగి ఉన్నాయి. ఆయన చదివింది ఐదో తరగతి. న్యూటన్ పేరు విన్నారో లేదో నాకు తెలీదు. ఆ ఘాట్‌లో న్యూటన్ చెప్పినట్టే నడుచుకున్నారు.

36 ఏళ్లు: పొగడాలా, తిట్టాలా?

1964లో మొదలైన మోడల్ 2000 దాటేదాకా దాదాపు అదే రూపంలో తయారైంది. ఇంజన్ మూలం చూస్తే 1937 నాటిది. దీన్ని ఎలా చూడాలి?

ముందు పొగుడుదాం. కారు బానెట్ ఎత్తితే అన్నీ కనిపించేవి. కార్బ్యురేటర్, ప్లగ్గులు, ఫ్యాన్ బెల్టు, పెట్రోలు పంపు. మధ్యాహ్నం ఎండకి పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి ఇంజన్ ఆగిపోతే, పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు కూర్చుంటే చాలు. ప్రతి ఊళ్లో ఒక ఫియట్ మెకానిక్ ఉండేవాడు. ఎవరూ వాళ్లకి మాన్యువల్ ఇవ్వలేదు. విప్పి, చూసి, బిగించి నేర్చుకున్నారు. ఓపెన్ సోర్స్ అంటే మనకి గిట్‌హబ్. వాళ్లకి బానెట్.

ఇప్పుడు రెండో వైపు. 1969లో ఫియట్ ఇటలీలో 1100కి వీడ్కోలు చెప్పి 128 అనే కారు తెచ్చింది. ఇంజన్ అడ్డంగా, దాని పక్కనే గేర్‌బాక్స్, ముందు చక్రాలకే శక్తి. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఈ అమరికే. 1970లో దానికి యూరప్ కార్ ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది. దాన్ని చేయించింది ఎవరో తెలుసా? అదే జకోసా. తన పాత డిజైన్‌ని తనే పక్కన పెట్టి కొత్తది గీశాడు. ఆయన వదిలేసిన దాన్ని మనం ఇంకో ముప్పై ఏళ్లు చేస్తూ కూర్చున్నాం.

ఎందుకంటే మార్చాల్సిన అవసరం రాలేదు. ఏళ్ల తరబడి క్యూ ఉన్నప్పుడు కొత్త మోడల్‌కి ఖర్చు ఎందుకు పెడతారు? 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. దాని ఇంజన్ 796 సీసీ మాత్రమే, కానీ కారు తేలిక, ఇంధనం తక్కువ, ముందు చక్రాల డ్రైవ్. జనానికి ఒక దారి దొరకగానే పద్మిని నెమ్మదిగా కుటుంబాల నుంచి ట్యాక్సీ స్టాండుకి, అక్కడి నుంచి పాత ఇనుముకి వెళ్లింది. ముంబైలో నలుపు-పసుపు ట్యాక్సీగా మిగిలిన చివరి పద్మిని కూడా 20 ఏళ్ల వయసు పరిమితి దాటి 2023 అక్టోబర్ చివర్లో రోడ్డు దిగింది.

కాబట్టి నా జవాబు ఇదీ. పద్మిని అన్నేళ్లు బతకడానికి కారణాలు రెండు, వాటిని కలిపేయకూడదు. ఒకటి, ఎవరైనా విప్పగలిగే డిజైన్. అది దాని గొప్పతనం. రెండు, పోటీ లేకపోవడం. అది దాని గొప్పతనం కాదు. పాత వస్తువు ఇంకా నడుస్తోందంటే అది బాగుందనీ కావచ్చు, మనకి వేరే దిక్కు లేదనీ కావచ్చు. మన ల్యాబ్‌లో పాత సాఫ్ట్‌వేర్ చూసినప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి.

రూల్‌కి కూడా గడువు ఉంది

చివరిగా ఒక హెచ్చరిక. తాతయ్య రూల్‌ని యథాతథంగా ఇవాళ్టి కారుకి వాడకండి. అది 40 హార్స్‌పవర్ బండికి కొలిచి కుట్టిన చొక్కా. ఇప్పటి 100 హార్స్‌పవర్ కారు అదే ఘాట్‌ని మూడులోనో నాలుగులోనో సునాయాసంగా ఎక్కేస్తుంది. అదే గేరులో దిగితే ఇంజన్ పట్టు చాలదు, కాలు బ్రేక్ మీదే ఉండిపోతుంది. టైడాలో నాకు తగిలిన ఆ కాలిన వాసన బహుశా అలాంటిదే. దిగేటప్పుడు ఇంకో గేరు తగ్గించుకోవాలి. ఆటోమేటిక్ అయితే ఎల్ అనో, 2 అనో, మాన్యువల్ మోడ్ అనో ఉంటుంది, అది అలంకారానికి కాదు.

ఎలక్ట్రిక్ కారు అయితే కథ ఇంకా బాగుంటుంది. ఆ 98 లక్షల జౌళ్లు అంటే 2.7 యూనిట్ల కరెంటు. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి అందులో కొంత తిరిగి బ్యాటరీలో వేస్తుంది. కానీ అరకులో నూరు శాతం చార్జ్ చేసి బయల్దేరితే ఆ కరెంటు దాచుకోవడానికి చోటుండదు, బ్రేకుల మీదే భారం పడుతుంది. కొంచెం ఖాళీ ఉంచుకుని దిగాలి. తాతయ్య ఉండి ఉంటే దీనికీ ఒక వాక్యం కట్టేవారు.

కారు మారింది, గేరు మారింది, కొండ మాత్రం అదే. వచ్చేసారి అరకు వెళ్తే టైడాలో ఆగి టీ తాగండి. మీ డ్రైవర్ అన్న ఏ గేరులో దిగుతున్నాడో ఒకసారి చూడండి. కాలు బ్రేక్ మీదే ఉంటే మర్యాదగా చెప్పండి: "అన్నా, ఇంకో గేరు తగ్గించన్నా."